పసిపిల్లల డాక్టరమ్మ మరియా మాంటిస్సోరి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడాదీ ఒక మహనీయుల జీవితాన్ని పరిచయం చేయడం ఆనవాయితీగా వస్తోంది. పూలే దంపతులు, డాక్టర్ అంబేద్కర్, మహాకవి జాషువా, ఇలా మనకు దారి చూపినవారి గురించి మన సీనియర్లు రాశారు. ఈసారి మేము సముద్రాలకు అవతల పుట్టిన ఒక తల్లిని ఎంచుకున్నాం. ఆమె పేరు విననివారు మనలో ఉండరు. ఏ చిన్న పట్టణానికి వెళ్ళినా ఏదో ఒక సందు మలుపులో మాంటిస్సోరి స్కూల్ అనే బోర్డు కనిపిస్తుంది. విజయవాడలో ఆ పేరుతో ఒక మహిళా కళాశాలే వెలిసింది. ఆ బోర్డు చూడగానే మనకు గుర్తొచ్చేవి టై, బూట్లు, స్కూలు బస్సు, టర్ము ఫీజు. కానీ ఆ పేరు గల మనిషి తన మొదటి బడి పెట్టింది ఫీజు కట్టలేని కూలీల పిల్లల కోసం, ఒక పేదల వాడలో. ఆ సంగతి ఏ బోర్డు మీదా రాసి ఉండదు. అందుకే మేము రాస్తున్నాం.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలో కియారవల్లె అనే చిన్న ఊళ్ళో పుట్టారు. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వ ఉద్యోగి. తల్లి రెనిల్డె ఆ కాలపు ఆడవాళ్ళలో బాగా చదువుకున్నావిడ. మరియాకు ఐదేళ్ళప్పుడు, 1875లో, కుటుంబం రోమ్ నగరానికి మారింది. ఆడపిల్ల చదివితే గిదివితే టీచర్ ఉద్యోగం దాకా చదవాలి, అంతకుమించి అక్కరలేదు అనుకునే రోజులవి. మరియా మాత్రం టీచర్ కానని పట్టుబట్టి, ఇంజనీర్ కావాలని మగపిల్లలు చదివే టెక్నికల్ స్కూలులో చేరారు. తరవాత మనసు మార్చుకుని డాక్టర్ చదువుకు వెళ్తానన్నారు. తండ్రి ఒప్పుకోలేదు, తల్లి వెనక నిలబడింది. వైద్య కళాశాలలో మగ విద్యార్థుల పక్కన నిలబడి శవాన్ని కోయడం ఆడపిల్లకు తగదన్నారు. అందుకని అందరూ వెళ్ళిపోయాక సాయంత్రం పూట ఆ గదిలో ఒంటరిగా కూర్చుని ఆ పని నేర్చుకున్నారు. 1896లో డాక్టర్ పట్టా పుచ్చుకున్నారు. ఇటలీలో అప్పటికి మహిళా డాక్టర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. అదే ఏడాది జర్మనీలోని బెర్లిన్‌లో జరిగిన మహిళల మహాసభకు ఇటలీ తరఫున వెళ్ళి, ఆడవాళ్ళకు మగవాళ్ళతో సమానంగా కూలి ఇవ్వాలని మాట్లాడారు. నాట్లకు వెళ్ళే మన అమ్మలకు ఆ మాట విలువ వేరే చెప్పక్కర్లేదు.

టీచర్ కానన్న ఆ అమ్మాయిని బడి వైపు లాగింది పిచ్చాసుపత్రి. డాక్టర్‌గా ఆమె రోమ్‌లోని పిచ్చాసుపత్రులకు వెళ్ళి వస్తుండేవారు. అక్కడ బుద్ధిమాంద్యం గలవారని ముద్ర వేసిన పిల్లల్ని పెద్దవాళ్ళైన రోగులతో కలిపి ఒకే చోట ఉంచేవారు. ఒక గదిలో ఆ పిల్లలు తిండి అయిపోయాక కింద పడిన రొట్టె ముక్కల కోసం నేలంతా పాకుతుంటే, ఎంత అసహ్యంగా తింటున్నారో చూడండి అన్నట్టు మాట్లాడిందట అక్కడి కాపలా మనిషి. మరియా గది చుట్టూ చూశారు. ఖాళీ గోడలు, ఖాళీ నేల. చేత్తో పట్టుకోవడానికి ఆ పిల్లలకు ఒక్క వస్తువు కూడా లేదు. వాళ్ళు వెతుకుతున్నది తిండిని కాదు, చేతికి పనిని అని ఆమెకు తోచింది. ఆమె జీవితమంతా ఈ ఒక్క ఆలోచన చుట్టూ తిరిగిందని మాకనిపిస్తుంది.

ఆ పిల్లలకు మందు కాదు, చదువు కావాలని ఆమె నిర్ణయానికి వచ్చారు. ఫ్రాన్స్‌లో అంతకుముందే ఇటార్డ్, సెగాన్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ దారిలో నడిచారు. ఇటార్డ్ 1800 ప్రాంతంలో అడవిలో దొరికిన, మాటలు రాని పిల్లవాడికి చదువు చెప్పడానికి ఏళ్ళ తరబడి ప్రయత్నించినవాడు. సెగాన్ ఆయన శిష్యుడు. వాళ్ళ పుస్తకాలను మరియా ఇటాలియన్ భాషలోకి మార్చుకుంటూ మొత్తం తన చేత్తో రాసుకున్నారు. మన వాళ్ళు నోట్సు రాయడానికే విసుక్కుంటారు! 1900లో రోమ్‌లో ఇలాంటి పిల్లల కోసం ఒక ప్రత్యేక బడి తెరిచి, దానికి డాక్టర్ మోంతెసానోతో పాటు ఆమెను పెద్దగా పెట్టారు. పొద్దున నుంచి రాత్రి దాకా పిల్లలతోనే ఉండి, కొయ్యతో అక్షరాలు చేయించి, వాటిని తడిమించి చదువు చెప్పారు. ఆ పిల్లల్లో కొందరు మామూలు పిల్లలు రాసే సర్కారు పరీక్షే రాసి పాసయ్యారు. లోకమంతా మెచ్చుకుంటూ ఉంటే ఆమెకు మాత్రం వేరే ప్రశ్న పట్టుకుంది. ఈ పిల్లలే ఇంతదాకా రాగలిగితే, ఏ లోపమూ లేని మామూలు పిల్లలు బడుల్లో ఇంత వెనకబడి ఎందుకున్నారు? వాళ్ళను వెనక్కి పట్టి ఉంచుతున్నది ఏమిటి?

ఇక్కడ ఆమె సొంత జీవితంలోని ఒక సంగతి దాచకుండా చెప్పాలి. డాక్టర్ మోంతెసానోతో ఆమెకు 1898లో ఒక కొడుకు పుట్టాడు. పేరు మారియో. వాళ్ళిద్దరికీ పెళ్ళి కాలేదు. బయటపడితే ఉద్యోగం, పేరు అన్నీ పోతాయి. బిడ్డను పల్లెటూళ్ళో వేరే కుటుంబం దగ్గర ఉంచి పెంచారు. ఆమె అప్పుడప్పుడు వెళ్ళి చూసి వచ్చేవారు. 1901లో ఆ బడినీ విడిచిపెట్టారు. మారియో పెద్దవాడై, పదిహేనేళ్ళ వయసు ప్రాంతంలో గానీ తల్లి దగ్గరకు చేరలేదు. ఐదో తరగతికే ట్రంకుపెట్టె పట్టుకుని హాస్టల్‌కు వచ్చిన మనకు తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట ఉండటం అంటే ఏమిటో తెలుసు. ఆమెను తప్పుపట్టేవాళ్ళు ఉన్నారు. తప్పంతా ఆడదాని మీదే వేసే ఆ కాలాన్ని తప్పుపట్టాలని మేమనుకుంటున్నాం.

ఇక అసలు కథ. రోమ్‌లో రైలు పట్టాల దగ్గర సాన్ లోరెంజో అనే పేట ఉంది. పని వెతుక్కుంటూ పల్లెల నుంచి వలస వచ్చినవాళ్ళు అక్కడ సగం కట్టి వదిలేసిన పెద్ద పెద్ద భవనాల్లో ఒక్కో గదిలో కుటుంబాలకు కుటుంబాలు కిక్కిరిసి బతికేవారు. ఒక గృహనిర్మాణ కంపెనీ ఆ భవనాలను బాగుచేయించి అద్దెకిచ్చింది. తల్లిదండ్రులు తెల్లారకముందే కూలికి పోతే, బడి ఈడు రాని పిల్లలు మెట్ల మీద తిరుగుతూ కొత్త గోడలను గీకి పాడుచేస్తున్నారు. రిపేరు ఖర్చు కంటే ఒక గది ఇచ్చి, వాళ్ళనందులో కూర్చోబెట్టడం చవక అని కంపెనీ లెక్క వేసింది. డాక్టర్ మాంటిస్సోరిని పిలిచింది. ఆ విధంగా 1907 జనవరి 6న ఆమె మొదటి బడి తెరుచుకుంది. పిల్లల ఇల్లు అని దాని పేరు. అప్పుడు ఆమెకు 36 ఏళ్ళు. గోడల కోసం పెట్టిన బడి అది!

యాభై మందికి పైగా పిల్లలు. రెండు మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు వాళ్ళు. చాలామంది బక్కచిక్కి, బెదిరిపోయి, అడిగితే మాట పలకకుండా ఏడుస్తూ వచ్చారు. ట్రైనింగ్ అయిన టీచరమ్మను పెట్టే స్తోమత లేదు. ఆ భవనంలోనే ఉండే ఒక మామూలు మనిషిని పెట్టుకున్నారు. అదే మేలైంది, ఎందుకంటే చెప్పిన పద్ధతికి అడ్డుపడే పాత అలవాట్లు ఆమెకు లేవు. డాక్టరమ్మ పాత బడిలో వాడిన సామాన్లు తెచ్చి ఇచ్చారు. ఏమిటవి? ఒక దిమ్మెకు పది గుంటలు, వాటిలో దిగే పది కొయ్య బిళ్ళలు, ప్రతి బిళ్ళకూ ఒక పిడి. ఏ బిళ్ళ ఏ గుంటలో పడుతుందో పిల్లే కనుక్కోవాలి. తప్పు పెడితే చివర్న ఒక బిళ్ళ మిగిలిపోతుంది. తప్పని టీచర్ చెప్పనక్కరలేదు, కొట్టనక్కరలేదు, ఆ సామానే చెబుతుంది. పైగా ఆ పిడిని మూడు వేళ్ళతో పట్టుకుంటారు. రేపు బలపం పట్టుకునేది కూడా ఆ మూడు వేళ్ళతోనే. ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా పెరుగుతూ పోయే పది గులాబీ రంగు ఘనాలతో గోపురం కట్టే ఆట కూడా అలాంటిదే. పెద్ద, చిన్న, బరువు, తేలిక అనే మాటలు నోటితో కాక చేత్తో తెలుస్తాయి. గణితంలో మనకు ఘనపరిమాణం అనేసరికి తల తిరిగిపోతుందే, అది ఆ పిల్లల చేతులకు మూడేళ్ళకే అలవాటైపోయిందన్న మాట.

ఒకరోజు మూడేళ్ళ పాప ఆ బిళ్ళలను తీసి పెడుతూ కనిపించింది. డాక్టరమ్మ లెక్కపెట్టసాగారు. మిగతా పిల్లల చేత పాటలు పాడించారు. పాప కూర్చున్న కుర్చీని పాపతో సహా ఎత్తి బల్ల మీద పెట్టించారు. ఆ పాప బిళ్ళల్ని ఒళ్ళో పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది. నలభైసార్లకు పైగా చేసి, అప్పుడే నిద్ర లేచినట్టు నవ్వుతూ ఆపింది. చిన్నపిల్లలకు మనసు ఒకచోట నిలవదని డాక్టర్లు, టీచర్లు అందరూ నమ్మిన రోజులు. పనికి తగిన వస్తువు చేతిలో పెడితే నిలుస్తుందని ఆ కూలివాళ్ళ పాప చూపించింది.

ఇంకొక రోజు టీచర్ ఆలస్యంగా వచ్చేసరికి, బీరువాకు ముందురోజు తాళం వేయకపోవడంతో పిల్లలే ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుని పనిలో మునిగి ఉన్నారు. టీచర్ దొంగతనం అనుకుంది. డాక్టరమ్మ మాత్రం ఎవరికి ఏది కావాలో తెలిసిపోయిందని సంతోషించి, తాళం బీరువా తీసేయించి పిల్లల చేతికందే ఎత్తులో తెరిచిన అరలు పెట్టించారు. బహుమతులు పెడితే పిల్లలు పట్టించుకోలేదు. ముక్కు చీదుకోవడం ఎలాగో మర్యాదగా చూపిస్తే మాత్రం చప్పట్లు కొట్టారు. ముక్కు కారుతోందని రోజూ తిట్టేవాళ్ళే గానీ, ఎలా తుడుచుకోవాలో అప్పటిదాకా వాళ్ళకు నేర్పినవాళ్ళు లేరు.

చదవడం, రాయడం ఆరేళ్ళ లోపు నేర్పాలని ఆమె అనుకోలేదు. అడిగింది తల్లులు. తమకు ఒక్క అక్షరం రాదు, మా పిల్లలకు నేర్పించండి అని వెంటపడ్డారు. కొయ్య అక్షరాలు చేయించడానికి డబ్బు లేదు. అందుకని గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి అట్టలకు అంటించారు. మన వడ్రంగులు ఉప్పుకాగితం అంటారే, అదే. పిల్లలు దాని మీద రాసే దిశలోనే వేలు పోనిస్తూ ఆ శబ్దం పలికేవారు. కన్ను, చెవి, వేలు మూడూ ఒకేసారి నేర్చుకునేవి. కొన్ని నెలలకు, బలపం పట్టుకొని ఏనాడూ దిద్దని పిల్లలు ఒక్కసారిగా సుద్దముక్కతో నేల మీద, గోడల మీద, తలుపుల మీద మాటలు రాయడం మొదలుపెట్టారు. ఏ గోడలు పాడవకూడదని కంపెనీవారు బడి పెట్టారో ఆ గోడల మీదే!

ఈ కబురు దేశాలు దాటింది. 1909లో ఆమె తన పద్ధతిని పుస్తకంగా వేశారు. 1912లో అది ఇంగ్లీషులో వచ్చింది. 1913లో అమెరికా వెళ్తే సభలు కిక్కిరిశాయి. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అద్దాల గదిలో ఆమె పద్ధతి తరగతి నడుస్తుంటే జనం గుంపులుగా నిలబడి చూశారు. కాదన్నవాళ్ళూ ఉన్నారు. కిల్‌పాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1914లో ఒక చిన్న పుస్తకం రాసి, ఈ పద్ధతిలో పిల్లలు కలిసి ఆడుకోవడానికి, ఊహించుకోవడానికి చోటు తక్కువని విమర్శించాడు. అందులో కొంత నిజం ఉందని మాకూ అనిపిస్తుంది. ఇంకొక కొరత కూడా ఉంది. సామాన్లు ఆమె చెప్పిన కొలతల ప్రకారమే చేయాలి, టీచర్లు ఆమె దగ్గరే ట్రైనింగ్ కావాలి. ఆ ఖర్చు భరించగలిగినవాళ్ళు ఎవరు? మెల్లగా పేదల వాడలోని బడి డబ్బున్నవాళ్ళ వీధిలోకి నడిచిపోయింది. ఇటలీలో నియంత ముస్సోలినీ 1924 నుంచి ఆమె బడులకు అండగా నిలిచాడు, ఆమె కాదనలేదు. అది ఆమె జీవితంలో మచ్చే. పిల్లల్ని సైనికుల్లా తయారుచేయాలనేవాడికి, స్వేచ్ఛగా పెరగాలనే ఆమెకు ఎంతకాలం పొసుగుతుంది? 1934 నాటికి తెగిపోయింది. ఆమె ఇటలీ వదిలారు, అక్కడి బడులు మూతపడ్డాయి. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం రావడంతో అక్కడినుంచి కూడా బయటపడి హాలెండ్ చేరారు.

మన దేశానికి ఆమె రావడం 1939లో. అప్పటికే 1931లో లండన్‌లో గాంధీజీ ఆమెను కలిశారు. దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు అరండేల్ ఆహ్వానం మీద, 69 ఏళ్ళ వయసులో, కొడుకు మారియోతో కలిసి మద్రాసులో దిగారు. అడయారులో తొలి శిక్షణ తరగతికి మూడు వందల మంది దాకా వచ్చారు. ఆమె ఇటాలియన్‌లో చెబుతుంటే మారియో ఇంగ్లీషులోకి మార్చేవారు. కొద్ది నెలలకని వచ్చినవారు యుద్ధం వల్ల ఏళ్ళ తరబడి ఉండిపోయారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే బ్రిటిష్ ప్రభుత్వం తల్లీకొడుకులను శత్రుదేశస్థులుగా లెక్కగట్టి, మారియోను నిర్బంధ శిబిరానికి పంపింది, ఆమెను అడయారు ఆవరణ దాటొద్దంది. ఆ ఆగస్టు 31న ఆమెకు డెబ్భై ఏళ్ళు నిండాయి. ఆ రోజున వైస్రాయ్ దగ్గరనుంచి తంతి వచ్చింది, పుట్టినరోజు కానుకగా ఆమె కొడుకును తిరిగి పంపుతున్నామని. నలభై ఏళ్ళు మేనల్లుడని, పెంచుకున్నవాడని లోకానికి చెప్పుకోవలసి వచ్చిన బిడ్డను ఒక ప్రభుత్వ కాగితం ఆమె కొడుకుగా పేర్కొంది. అది జరిగింది మన పక్క రాష్ట్రంలో.

యుద్ధకాలంలో కొంత భాగం కొడైకెనాల్ కొండల్లో గడిపారు. అక్కడ ఆమె దృష్టి బడి ఈడు కంటే ఇంకా కిందికి, ఒళ్ళో పిల్లల మీదికి వెళ్ళింది. మన అమ్మలు పిల్లల్ని చంకనేసుకొని బజారుకు, పొలానికి, పెళ్ళికి తీసుకుపోతారు కదా, ఆ పిల్లలు అన్నీ చూస్తూ, అందరి మాటలూ వింటూ పెరగడం ఆమెకు నచ్చింది. పుట్టినప్పటినుంచి ఆరేళ్ళ దాకా పిల్లల మనసు చుట్టూ ఉన్నదంతా పీల్చుకుంటుందని, తల్లిభాష ఎవరూ నేర్పకుండానే రావడం అందుకేనని ఆమె చెప్పారు. ఆ ఉపన్యాసాల పుస్తకం 1949లో మద్రాసులోనే అచ్చయింది. ఐదారేళ్ళకే మనిషి మెదడు పెద్దవాళ్ళ మెదడు పరిమాణంలో 90 శాతం దాకా పెరుగుతుందని ఇప్పటి సైన్సు చెబుతోంది. ఒకటో తరగతిలో పేరు రాసుకునే నాటికే ఇంత జరిగిపోతుందన్న మాట. మన దేశంలో ఆమె దగ్గర శిక్షణ పొందినవారు వెయ్యికి పైనే. 1949లో ఆమె యూరప్ వెళ్ళిపోయారు. 1952 మే 6న హాలెండ్ సముద్రతీరంలోని నూర్డ్‌వైక్ అనే ఊళ్ళో, 81 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఆమె మాటలు నిజమా అని తరవాతివాళ్ళు పరీక్ష పెట్టి చూశారు. అమెరికాలో ఇప్సిలాంటి అనే ఊళ్ళో 1962లో పేద నల్లజాతి కుటుంబాల పిల్లలు 123 మందిని తీసుకుని, లాటరీ లాంటి పద్ధతిలో 58 మందికి మూడు నాలుగేళ్ళ వయసులో మంచి పూర్వప్రాథమిక విద్య ఇచ్చారు, మిగతా 65 మందికి ఇవ్వలేదు. అది మాంటిస్సోరి పద్ధతి కాదు, కానీ ప్రశ్న అదే. మొదట తెలివితేటల పరీక్షలో మార్కులు బాగా పెరిగాయి, కొన్నేళ్ళకు ఆ తేడా కరిగిపోయింది. వృథా అన్నారు. కానీ నలభై ఏళ్ళు వచ్చాక చూస్తే, చిన్నప్పుడు ఆ చదువు దొరికినవాళ్ళలో హైస్కూలు పూర్తి చేసినవాళ్ళు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు ఎక్కువ, పోలీసు కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళు తక్కువ. మాంటిస్సోరి పద్ధతి మీదే 2017లో వచ్చిన మరొక పరిశోధనలో, హార్ట్‌ఫర్డ్ నగరపు సర్కారు బడుల్లో లాటరీలో సీటు వచ్చిన పిల్లలు, రాని పిల్లలు కలిపి 141 మందిని మూడేళ్ళు గమనించారు. సీటు వచ్చిన పేద పిల్లలు డబ్బున్న పిల్లలకు దగ్గరగా వచ్చేశారు.

ఆ బడిని మళ్ళీ పేదల దగ్గరకు నడిపించినవాళ్ళు మన దేశంలోనే ఉన్నారు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్రలోని బోర్డి అనే పల్లెకు వెళ్ళి, తరవాత 1957లో కోస్బాడ్ కొండ మీద వార్లీ ఆదివాసీల మధ్య అనుతాయి వాఘ్‌తో కలిసి పనిచేశారు. ఖరీదైన సామాన్ల బదులు గులకరాళ్ళు, ఆకులు, గింజలు, గవ్వలు. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ళ ముంగిట్లోకి. ముంగిలి అంటే అంగన్. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన ప్రభుత్వ పథకంలో మన ఊరూరికీ వచ్చిన అంగన్‌వాడీ పేరులో ఉన్నది ఆ ముంగిలే.

మాలో చాలామంది అంగన్‌వాడీలో గుడ్డు, పాలు, కిచిడీ తిని పెరిగినవాళ్ళమే. ఆ తిండి లేకపోతే మాలో కొందరు ఈ పేజీ రాయడానికి ఉండేవాళ్ళం కాదు. అయితే ఆట వస్తువుల పెట్టె గురించి మేము ఒకరినొకరం అడిగి చూసుకున్నాం. పదకొండు మందిలో ఏడుగురికి అది తాళం వేసి ఉన్నట్టే గుర్తు. వస్తువు పోతే రిజిస్టరులో లెక్క చెప్పాల్సింది అంగన్‌వాడీ అమ్మే, ఆమె జీతంలోంచే కట్టాల్సి వస్తుందని భయం. ఆమెను అనడానికి లేదు. కిందటి వేసవి సెలవుల్లో మేము కొందరం ఉప్పుకాగితం కొని, మన తెలుగు అక్షరాలు కత్తిరించి అట్టలకు అంటించి మా ఊళ్ళలో ఇచ్చి వచ్చాం. ‘అ’ కత్తిరించడం కష్టం, ‘ర’ తేలిక, ‘ఋ’ దగ్గర రెండు కాగితాలు చిరిగాయి. అక్షరానికి రూపాయి కూడా పడలేదు. కొలతలు కావలసినవాళ్ళు హాస్టల్ లైబ్రరీలో ఉంచిన అట్టలు చూసి గీసుకోవచ్చు.